అస్వాన్ నుంచి ఫెలూకాలో: ఎవరు ఎక్కొచ్చు, ఎవరు వద్దు

మీ ప్రశ్న ఇది కదా: ఫిబ్రవరిలో ఈజిప్టు వెళ్తున్నారు, మీరూ మీ ఆవిడా, అరవై దాటిన అమ్మానాన్నలూ. నైలు ఒడ్డున దక్షిణాన ఉన్న అస్వాన్ నుంచి, ఉత్తరంగా గుడి ఉన్న ఎడ్ఫూ ఊరి దాకా ఫెలూకాలో, అంటే అక్కడి పాతకాలపు తెరచాప పడవలో, రెండు రాత్రులు నైలు మీద వెళ్తే ఎలా ఉంటుంది, క్రూజ్ షిప్పే నయమా అని. నలుగురూ శాకాహారులు.

సూటిగా చెప్పాలంటే మీరిద్దరూ ఒక్క రాత్రికి ఎక్కండి, పెద్దవాళ్ళను ఎక్కించకండి. ఎడ్ఫూ ఆశ వదిలేయండి. నేను స్నేహితులతో జనవరిలో వెళ్ళాను, చూసింది చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు గాలి సంగతి అర్థం చేసుకోవాలి. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. గాలేమో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరం నుంచే వీస్తుంది. ఎగువకు పోవాలంటే తెరచాప ఎత్తితే చాలు, దిగువకు రావాలంటే ప్రవాహానికి వదిలేస్తే చాలు. ఈజిప్టు నాగరికతంతా ఈ సదుపాయం మీదే నడిచింది. వాళ్ళ పాత బొమ్మల లిపిలో దక్షిణ ప్రయాణానికి తెరచాప ఎత్తిన పడవ బొమ్మ, ఉత్తర ప్రయాణానికి తెరచాప దించిన పడవ బొమ్మ వేసేవారు. మీరు అస్వాన్ నుంచి పోయేది ఉత్తరానికి. అంటే కింద నీరు ముందుకు తోస్తుంటే ఎదురుగాలి వెనక్కి నెడుతుంటుంది. మోటారు ఉండదు.

అందుకని పడవ తిన్నగా పోదు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. ఖర్జూరం చెట్ల దాకా వెళ్ళి, ఇక ఒడ్డుకు గుద్దుకుంటాం అనుకునే సరికి రయీస్ (అక్కడ సరంగును అలాగే పిలుస్తారు) చుక్కాని తోస్తాడు. తెరచాప టపటపా కొట్టుకుని గాలిని రెండో వైపు నుంచి పట్టుకుంటుంది, అప్పటిదాకా ఎడమకు ఒరిగిన పడవ కుడికి ఒరుగుతుంది. పరుపు మీద పెట్టిన టీ గ్లాసులు అన్నీ ఒకేసారి జారతాయి, కొత్తవాళ్ళు వాటి వెంట పడతారు. మా రయీస్ చుక్కానిని పాదంతో అదిమిపట్టి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని టమాటాలు తరుగుతూనే ఇదంతా చేశాడు. సాయంత్రం తెరచాప చుట్టడానికి అతని తమ్ముడు చెప్పులు విడిచి, తెరచాప వేలాడే వాలు కొయ్య మీదుగా చివరిదాకా పాకి, గుడ్డను చేత్తో మడుచుకుంటూ తాళ్ళతో కట్టుకుంటూ దిగాడు. కింద నుంచి చూసే మాకే టెన్షన్.

ఇలా పోతే ఎంత దూరం సాగుతుంది? దారిలో మొదట వచ్చే గుడి ఊరు కోమ్ ఓంబో, అస్వాన్ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. కారులో గంట చాలు. ఫెలూకాలో ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక కూడా అక్కడికి చేరతామన్న హామీ లేదు. గాలి మరీ ఎక్కువైతే ఒడ్డున కట్టేసి కూర్చుంటారు, అసలు లేకపోతే ఏదో మోటారు పడవ వెనక తాడు కట్టించుకుంటారు. ఎడ్ఫూ వంద కిలోమీటర్ల పైమాటే. "ఎడ్ఫూ దాకా" అని డబ్బు తీసుకుని, మధ్యలో ఏదో పల్లె దగ్గర దింపి వ్యాను ఎక్కించడం మామూలే. మా పక్కనే కట్టేసిన పడవలో వాళ్ళకు అదే జరిగింది. వాళ్ళ ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అందుకే ఏ ఊరిదాకా అన్నది కాకుండా ఎన్ని గంటలు, ఎన్ని భోజనాలు, చివర్లో వ్యాను ఎవరి ఖర్చు అన్నది మాట్లాడుకోండి. ఆ మర్నాడే రైలో ఫ్లైటో పెట్టుకోకండి. వీలైతే ముందు పడవ దగ్గరికి వెళ్ళి, రయీస్‌తోనే మాట్లాడి, పరుపులూ లైఫ్ జాకెట్లూ కళ్ళతో చూసుకున్నాకే సగం డబ్బు ఇవ్వండి.

పెద్దవాళ్ళ విషయం. పడవలో గదులుండవు, కుర్చీలుండవు. చెక్కబల్ల మీద పరుపులు, పైన ఎండకు ఒక గుడ్డ పందిరి, అంతే. కూర్చున్నా పడుకున్నా తిన్నా నేల మీదే. టాయిలెట్ లేదు. అడిగితే ఒడ్డుకు ఆపుతారు, సన్నటి బల్ల మీదుగా దిగి పొదల చాటుకు పోవాలి, రాత్రయితే టార్చి పట్టుకుని. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇది హింస. మీ ఆవిడను కూడా ముందే అడగండి. ఆడవాళ్ళు ఇంకొందరు ఉన్న పడవ అయితే ఆమెకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

రాత్రి చలి గురించి మనవాళ్ళు నమ్మరు, ఎడారి కదా అంటారు. పగలు చొక్కా చాలు, తెల్లవారుజామున పది డిగ్రీల దాకా పడిపోతుంది, పైగా నీటి మీది గాలి. వాళ్ళిచ్చే దుప్పట్లు చాలవు. స్వెట్టర్, మంకీ క్యాప్, సాక్సులు తప్పనిసరి.

తిండికి దిగులు పడకండి. శాకాహారులకు ఈజిప్టు పల్లె భోజనం సులువే. పొద్దున ఫూల్ (మెత్తగా ఉడికించిన బాకలా అనే చిక్కుడు లాంటి గింజలు, పైన నూనె, జీలకర్ర, నిమ్మరసం), వాటితోనే చేసే తామేయ అనే వడలు, ఐష్ రొట్టె, తెల్ల చీజ్, దోసకాయ. మధ్యాహ్నం అన్నం, బంగాళాదుంప టమాటా కూర. మాంసం వద్దని ఎక్కేముందే చెప్పండి. కారం మాత్రం ఆశించకండి, ఒక పచ్చడి సీసా వెంట ఉంటే మంచిది. ఇక కర్కదే అని ఎర్రటి పానీయం ఇస్తారు, అస్వాన్ దానికి పేరు. తాగగానే నాలుకకు ఎక్కడో తెలిసిన పులుపు. అది మన గోంగూర జాతి మొక్కే, ఆకులు వదిలేసి కాయ మీది ఎర్ర రేకులు ఎండబెట్టి కాస్తారు. మనం ఆకు తిని కాయను వదిలేస్తాం, వాళ్ళకు ఆకుతో పనిలేదు! తాగే నీళ్ళు మాత్రం సీసాలవే వాడండి.

మొసళ్ళ భయం అక్కర్లేదు. 1970లో పూర్తయిన అస్వాన్ హై డ్యామ్‌కి ఎగువన, దానివల్ల ఏర్పడిన నాసర్ సరస్సులో ఉంటాయవి. కాని నదిలో స్నానం నేను చేయలేదు, మిమ్మల్నీ చేయమనను. నిలవ నీళ్ళున్న అంచుల్లో బిల్హార్జియా అనే పరాన్నజీవి జబ్బు రావచ్చు.

ఆ డ్యామ్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. గోదావరి చూసి పెరిగిన కళ్ళకు ఈ నది వింతగా ఉంటుంది. వరద లేదు, ఎరుపు లేదు, ఏడాది పొడుగునా ఒకే తేట. డ్యామ్ కట్టక ముందు ఇక్కడా ఆగస్టు, సెప్టెంబరుల్లో నది పొంగేది. అస్వాన్ ఎదురుగా నదిలో ఉన్న ఎలిఫెంటైన్ దీవి మీద మెట్ల గోడకు నీటి కొలత గీతలు ఇప్పటికీ ఉన్నాయి, పొంగు ఎంతన్నదాన్ని బట్టి పన్ను వేసేవారు. అస్వాన్ గ్రానైట్ కూడా ఈ నీటి మీదే ఉత్తరానికి వెళ్ళింది. లక్సర్‌లోని కర్నాక్ గుడిలో మీరు చూడబోయే హత్షెప్సుత్ రాణి స్తంభం, దాదాపు 30 మీటర్ల ఒకే రాయి, ఇక్కడ తొలిచిందే. అస్వాన్ రయీస్‌లలో చాలామంది నూబియన్లు, అంటే ఈజిప్టు దక్షిణ కొసనా సూడాన్ ఉత్తరానా నైలు వెంట ఉండే జాతివాళ్ళు. వాళ్ళ పాత ఊళ్ళు ఆ నాసర్ సరస్సు కింద ఉన్నాయి, 1960లలో వేలమందిని కోమ్ ఓంబో వైపుకు తరలించారు. మా రయీస్ తాతగారి ఊరూ మునిగిందట. పోలవరం ముంపు ఊళ్ళ మాట చెబితే అతను చాలాసేపు ప్రశ్నలడిగాడు, ఇల్లు పోతే ఇల్లు ఇచ్చారా, ఖర్జూరం చెట్లకు లెక్క కట్టారా అని. మాకు ఖర్జూరాలు లేవు, తాటిచెట్లని చెప్పాను.

క్రూజ్ షిప్పుతో పోల్చడం అనవసరం. షిప్పు గుళ్ళు చూపించడానికి, గదీ బాత్రూమూ ఇచ్చి ఎడ్ఫూ, కోమ్ ఓంబో, లక్సర్ తిప్పుతుంది. ఫెలూకా ఏ గుడినీ సరిగ్గా చూపించదు. తెరచాపే కావాలి, గదీ కావాలి అంటే దహబియా అని పెద్ద పడవలున్నాయి, ఎక్కువగా ఎస్నా, అస్వాన్ల మధ్య తిరుగుతాయి. బాగా ఖరీదు.

నేనైతే ఇలా చేస్తాను: నలుగురూ లక్సర్ నుంచి షిప్పులో అస్వాన్ రండి. అమ్మానాన్నలను అక్కడ హోటల్లో ఉంచి మీరిద్దరూ ఒక రాత్రి ఫెలూకాకు పోండి. వాళ్ళకు మాత్రం ఒక సాయంత్రం అదే పడవలో ఎలిఫెంటైన్ చుట్టూ రెండు గంటల షికారు తప్పకుండా చేయించండి. ఆ షికారుకు బేరం పడవకు గంటకు ఇంత అని మాట్లాడండి. మనిషికింత అంటే ఒప్పుకోకండి, దిగేటప్పుడు లెక్క మారిపోతుంది.