షికాగో మ్యూజియంలోని యూ-505 ఒరిజినలేనా, అసలు అక్కడికి ఎలా వచ్చింది?

షికాగో వస్తున్నాం, సైన్స్ మ్యూజియంలో ఉన్న యూ-505 అనే జర్మన్ సబ్‌మెరైన్ ఒరిజినలా లేక చూపించడానికి కట్టిన నమూనానా, అమ్మానాన్నలు లోపలికి వెళ్లగలరా అని అడిగారు. ఒరిజినలే. 1941లో హాంబర్గ్‌లో కట్టారు, పొడవు దాదాపు 77 మీటర్లు, రెండో ప్రపంచ యుద్ధంలో ఎనిమిది ఓడల్ని ముంచింది. మేం షికాగో శివార్లలోనే ఉంటాం కాబట్టి ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్లడం మాకు అలవాటైపోయింది, అందుకని కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఒక మాట. దీన్ని ఏదో భీకరమైన విజయాల పడవ అనుకోకండి, మొదట్లో కొన్ని నెలలు తప్పిస్తే దీనికి అన్నీ కష్టాలే. 1942 నవంబరులో కరీబియన్‌లోని ట్రినిడాడ్ దగ్గర హడ్సన్ అనే బ్రిటిష్ బాంబర్ విమానం ఒకటి మరీ కిందికి దిగి బాంబులు వేసింది, ఒక బాంబు సరిగ్గా డెక్ మీద పడి పేలితే ఆ పేలుడుకి విమానం కూడా కూలిపోయింది. అంత దెబ్బ తిన్నా యూ-505 ఈడ్చుకుంటూ, అప్పట్లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని లోరియాం రేవుకి చేరింది. అక్కడ రిపేరుకి నెలలు పట్టింది. తీరా సముద్రంలోకి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి చెడిపోయి వెనక్కి రావడమే, ఎందుకంటే రేవులో పనిచేసే ఫ్రెంచ్ కార్మికులు కావాలనే పని చెడగొట్టేవాళ్లు. చివరికి 1943 అక్టోబరులో, పైనుంచి డెప్త్ చార్జీలు (నీళ్ల లోపల పేలే బాంబులు) పడుతుండగా, కెప్టెన్ పీటర్ చెక్ కంట్రోల్ రూమ్‌లో సిబ్బంది ముందే తుపాకీతో కాల్చుకున్నాడు. కింది అధికారి ఎలాగో పడవని బయటపడేసి ఇంటికి చేర్చాడు. టూర్‌లో ఆ గదిలో నిలబడ్డప్పుడు ఈ సంగతి తెలిసుంటే ఆ చోటు వేరేగా అనిపిస్తుంది.

ఇక పట్టుబడ్డ కథ. అమెరికా నేవీ కెప్టెన్ డేనియల్ గాలరీ, గ్వాడల్‌కెనాల్ అనే చిన్న విమాన వాహక నౌక, దానికి తోడు ఐదు ఎస్కార్ట్ నౌకలు. అంతకు కొద్దివారాల ముందే ఈయన దళం ఇంకో సబ్‌మెరైన్‌ని ముంచింది. అది పైకి తేలి కాసేపు నీళ్ల మీదే ఉండటం చూసి, ఈసారి దొరికితే ముంచకుండా పట్టేద్దాం అని ముందే మనుషుల్ని సిద్ధం చేసుకున్నాడు. 1944 జూన్ 4న, ఇప్పటి పశ్చిమ సహారా తీరానికి దూరంగా, యూ-505 దొరికింది. దెబ్బ తిని పైకొచ్చింది, జర్మన్లు పడవ మునిగిపోయేలా నీళ్లు వదిలేసి దూకేశారు, కానీ కంగారులో ఇంజన్లు ఆపలేదు, దాంతో పడవ మనుషులు లేకుండానే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ఆల్బర్ట్ డేవిడ్ అనే లెఫ్టినెంట్ చిన్న దళంతో దాని మీదికి దూకి లోపలికి దిగాడు. లోపల ఎవరైనా ఉన్నారో లేదో, పేలుడు పదార్థాలు ఎక్కడ పెట్టారో తెలీదు, నీళ్లు చూస్తే ధారగా వస్తున్నాయి. జెనన్ లుకోషియస్ అనే నావికుడికి ఆ నీళ్లు వచ్చే చోటి మూత పక్కనే కనబడింది, తీసి బిగించేశాడు. ఆ మూత దొరక్కపోయి ఉంటే మ్యూజియమూ లేదు, ఈ జవాబూ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఆ తర్వాతది. లాగుతూ తీసుకెళ్లాలి, కానీ వెనక భాగం నీళ్లలోకి కుంగిపోతోంది, పంపులు నడపడానికి బ్యాటరీల్లో కరెంటు లేదు. గ్వాడల్‌కెనాల్ చీఫ్ ఇంజనీర్ ఎర్ల్ ట్రొసీనో డీజిల్ ఇంజన్లని ప్రొపెల్లర్లు తిప్పే షాఫ్ట్ నుంచి విడదీయించి, పడవని వేగంగా లాగమన్నాడు. నీళ్ల తోపుడుకి ప్రొపెల్లర్లు తిరిగాయి, వాటితో పాటు మోటార్లు తిరిగాయి, బ్యాటరీలు చార్జ్ అయ్యాయి, పంపులు నడిచాయి. మా నాన్నగారిది తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు. గైడ్ చెప్పింది నేను తెలుగులో చెప్పడం పూర్తికాకముందే "అంటే సైకిల్ డైనమోయే కదరా" అనేసి, వెనకవాళ్లు ఆగిపోతున్నా పట్టించుకోకుండా ఆ మోటార్ల దగ్గరే నిలబడిపోయారు.

ఎనిగ్మా, అంటే జర్మన్లు రహస్య సందేశాలకి వాడిన కోడ్ యంత్రం గురించి, ఈ పడవ దొరికాకే ఆ కోడ్ బయటపడిందన్నట్టు జనం కొంచెం తప్పుగా చెప్తుంటారు. రెండు ఎనిగ్మా యంత్రాలు, బోలెడు కోడ్ పుస్తకాలు, కాగితాలు దొరికిన మాట నిజమే, బాగా పనికొచ్చాయి కూడా. కానీ అమెరికా, బ్రిటన్‌ల మిత్రపక్షాలు అప్పటికే జర్మన్ సందేశాలు చదువుతున్నాయి. పడవ పట్టుబడిందని జర్మనీకి తెలిస్తే కోడ్‌లు మొత్తం మార్చేస్తుంది, అదీ మిత్రపక్షాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన నార్మండీ దాడికి రెండు రోజుల ముందు! అందుకే అమెరికా నేవీ అధిపతి అడ్మిరల్ కింగ్ మెచ్చుకోవడం సరే, గాలరీని కోర్ట్ మార్షల్ చెయ్యాలా అని కూడా ఆలోచించాడట. పడవని గుట్టుగా బెర్ముడాకి చేర్చారు. పట్టుకునేటప్పుడు జర్మన్లలో ఒక్కడే చనిపోయాడు, మిగతా 58 మంది ఖైదీలయ్యారు. వాళ్లని లూయిజియానాలోని రస్టన్ క్యాంపులో వేరుగా ఉంచి, రెడ్ క్రాస్‌ని దగ్గరికి రానివ్వలేదు, దాంతో వాళ్ల కుటుంబాలు వీళ్లు చనిపోయారనే అనుకున్నాయి. అవసరం అర్థమవుతుంది గానీ అది యుద్ధఖైదీల ఒప్పందాలకి విరుద్ధమే.

యుద్ధం అయ్యాక పడవని అమెరికాలోని పోర్ట్స్‌మత్ నేవీ యార్డులో పడేసి, లోపలి సామాను చాలావరకు ఊడబీకి, చివరికి కాల్పుల ప్రాక్టీసుకి వాడి ముంచేద్దామనుకున్నారు. గాలరీది షికాగోయే. ఆయన తమ్ముడు, చర్చి ఫాదర్ జాన్ గాలరీ, మ్యూజియం వాళ్లని కదిలించాడు. ఊరివాళ్లు రెండున్నర లక్షల డాలర్లు పోగేశారు. 1954లో సెయింట్ లారెన్స్ నది, గ్రేట్ లేక్స్ మీదుగా లాక్కొచ్చి, రాత్రిపూట ట్రాఫిక్ ఆపి లేక్ షోర్ డ్రైవ్ దాటించారు. పోయిన భాగాల కోసం మ్యూజియం వాళ్లు జర్మనీలో వాటిని తయారుచేసిన కంపెనీలకే ఉత్తరాలు రాస్తే, అవి ఉచితంగా పంపాయి! తర్వాత యాభై ఏళ్లు షికాగో మంచులో ఆరుబయటే ఉండి తుప్పు పట్టింది, 2004లో భూగర్భంలో కట్టిన హాలులోకి దించారు, 2005లో మళ్లీ తెరిచారు.

పెద్దవాళ్ల సంగతి. హాలులో నడుస్తూ బయటనుంచి చూడటానికి ఏ ఇబ్బందీ లేదు, మ్యూజియం టికెట్ చాలు. లోపలి టూర్‌కి విడిగా టికెట్, టైం స్లాట్ ఉంటుంది, శని ఆదివారాలైతే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి కాలెత్తి దాటాలి. విశాఖ బీచ్‌లో కుర్సురా ఎక్కి దిగినవాళ్లయితే ఇదీ దాటేస్తారు. మోకాళ్ల నొప్పులుంటే, ఇరుకంటే టెన్షన్ పడే మనిషైతే బలవంతపెట్టకండి, బయటే కూర్చోబెట్టి మీరు వెళ్లిరండి.