కూర్చునే టైం లేదా? పులుసు దాక దగ్గరే మొదలుపెట్టండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. మావారు రొయ్యల చెరువులు చేస్తారు. రాత్రి కరెంటు పోతే చెరువు నీళ్లలో రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయని ఆయనతో పాటు నాకూ నిద్ర ఉండదు. పగలు ఏ పని చేస్తున్నా మనసు అప్పుల మీదే. ఏడేళ్ల బాబు ఏదడిగినా కసురుతున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. ధ్యానం చేయమన్నారు. కళ్లు మూసుకుంటే టెన్షన్ ఇంకా పెరుగుతోంది. అయినా ఇంటి చాకిరీలో అరగంట నాకెక్కడిది?

జవాబు: అమ్మా, "నాకు ధ్యానం రాదు" అని అనుకోవద్దు. కళ్లు మూసుకుంటే భయాలు ముసురుకోవడం చాలామందికి జరిగేదే. కళ్లు తెరుచుకుని, పని చేసుకుంటూ కూడా చేయవచ్చు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన 8 వారాల శిక్షణలో తినడం, నడవడం, అంట్లు తోమడం లాంటివాటిని కూడా సాధనగానే నేర్పుతారు.

మీవారు చెరువులో మేత పెట్టి ఉంచే చెక్ ట్రే (పళ్లెం) పైకెత్తి చూసేటప్పుడు గమనించారా? మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని చూస్తారు. ఆ కాసేపు ఆయన చూపు ఇంకెక్కడికీ పోదు. ఆ చూపే మీకూ కావాలి.

చేపల పులుసులో ముక్కలు వేశాక మనం గరిటె పెట్టం కదా, ముక్క చిదురుతుందని. గుడ్డతో దాక అంచులు పట్టుకుని తిప్పుతాం. ఈసారి తిప్పేటప్పుడు పూర్తిగా అక్కడే ఉండండి. గుడ్డలోంచి తగిలే వేడి, దాక బరువు, పులుసు ఒక పక్కకు వాలడం, మామిడికాయ ముక్క ఉడికే వాసన. నాలుగు తిప్పులు తిప్పేలోపే మనసు వడ్డీ లెక్కలకు పోతుంది. పోనీయండి. పోయిందని తెలిసిన వెంటనే మళ్లీ దాక బరువు దగ్గరికి రండి. వందసార్లు పోతే వందసార్లూ రండి. అలా తిరిగి రావడమే సాధన. మనసు ఖాళీ చేయాలని పట్టుబడితే అదో కొత్త టెన్షన్.

పులుసు రోజూ ఉండదు కాబట్టి అంట్లు తోమే పని ఒక్కటి పెట్టుకోండి. ఆ పది నిమిషాలూ ఫోన్ పక్కన పడేయండి.

ఇక బాబు సంగతి. కసిరే ముందు ఒంట్లో ఏదో ఒకటి జరుగుతుంది, చాలామందికి దవడ బిగుస్తుంది. మీకేం అవుతుందో కనిపెట్టండి. అది దొరికితే ఒక్క ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. అయినా కసిరేశారా, దగ్గరికి తీసుకుని "అమ్మకు చికాకుగా ఉంది నాన్నా, నీ తప్పు కాదు" అనండి. ఆ మాట వాడికి చాలా అవసరం.

ఇవన్నీ చేసినా అప్పు తీరదు. మొత్తం మీరే మోయమని కూడా నేననడం లేదు. ఇద్దరూ ఒకే రాత్రి మేలుకోవడం ఎందుకు? మీవారితో మాట్లాడి వంతులు వేసుకోండి. అప్పుల లెక్క ఇద్దరూ కలిసి ఒకసారి కాగితం మీద రాయండి. సాయంత్రం కాసేపు బాబును అత్తగారికి అప్పగించండి.

ఈ నిద్రలేమి, ఏడుపు రెండు వారాలు దాటితే మానసిక వైద్యులను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ రాత్రి అంట్లతో మొదలుపెట్టండి. వారం పోయాక బాబు ఎలా ఉన్నాడో నాకు రాయండి.