ఊరూ పేరూ లేని స్పీకర్ బాక్సులు తెచ్చుకున్న మా చిన్నికి

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఎవరో వదిలించుకుంటుంటే పాత స్పీకర్ బాక్సులు జత ఇంటికి తెచ్చుకున్నావట, పేరు లేదు, లేబుల్ లేదు, అయినా వాటిని మళ్ళీ మోగించి తీరతానని పంతం పట్టి కూర్చున్నావట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నా. కానీ ఫోన్ పెట్టేసే ముందు "రేపు ఎవరిదగ్గరో శాండింగ్ మిషన్ అడిగి తెస్తుందట అన్నయ్యా" అంది చూడు, అదే, చెక్కని గరుకు కాగితంతో అరగదీసే మిషన్, ఇక రాత్రి నిద్ర పడితే ఒట్టు. అందుకే ఇది రాస్తున్నా. ఆ మిషన్ తేకు తల్లీ, ఇప్పుడే తేకు. ఆ బాక్సుల్లో ఏది చెత్తో ఏది ఆనవాలో నీకింకా తెలీదు, అది తేలేదాకా ఏదీ తుడవద్దు, గీకద్దు, పారెయ్యద్దు.

ఇంకా ముందు నా భయం ఒకటి చెప్పనీ. వెనక పలక తీశాక స్పీకర్‌కి మామూలుగా వెళ్ళే రెండు వైర్లు కాకుండా ఇంకో రెండు వైర్లు వెనకున్న లావుపాటి ఇనప డబ్బాలోకి వెళ్తున్నాయా చూడు. వెళ్తుంటే అది ఫీల్డ్ కాయిల్ స్పీకర్. 1925లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రైస్, కెల్లాగ్ అని ఇద్దరు ఇప్పటి మూవింగ్ కాయిల్ స్పీకర్‌కి రూపం ఇచ్చారు, ఆ రోజుల్లో గట్టి పర్మనెంట్ మ్యాగ్నెట్లు దొరకడం కష్టం, అందుకని కాయిల్‌లోకి కరెంటు పంపి మ్యాగ్నెట్ పుట్టించేవాళ్ళు. రేడియోలో అయితే ఆ కాయిలే పవర్ సప్లైలో చోక్ పని, అంటే కరెంటులో ఒడుదుడుకుల్ని అణిచే పని కూడా చేసేది, అంటే అందులో వంద, రెండు మూడొందల వోల్టుల డీసీ తిరిగేది. అలాంటిది కనపడితే ఏ వైరూ దేనికీ కలపకు, ఫొటో తీసి నాకు పంపి చేతులు కట్టుకుని కూర్చో. బాక్సు లోపల యాంప్లిఫయర్ ఏదైనా ఉన్నా అంతే, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. నువ్వు ధైర్యస్తురాలివని నాకు తెలుసు, అదే నా దిగులు.

సరే. ఫొటోలు అన్ని వైపులా తియ్యి, కొలతలు రాసుకో, విప్పిన ప్రతి స్క్రూని ఏ బెజ్జంలోదో రాసిన కవర్లో వెయ్యి, వైర్లు కోసే ముందు ఏది ఎక్కడికి వెళ్తుందో బొమ్మ గీసుకో. ఇవన్నీ నీకు చెప్పక్కర్లేదు.

ఇక గుర్తుపట్టడం. అందరూ ముందు ముందువైపు చూస్తారు, నువ్వు వెనక చూడు, లోపల చూడు. స్పీకర్ ఫ్రేమ్ మీదో మ్యాగ్నెట్ మీదో సిరా ముద్రగానో గుద్దినట్టో కొన్ని అంకెలు ఉంటాయి. అమెరికావి అయితే మొదటి అంకెలు తయారీదారుది, 220 అంటే జెన్సెన్, 137 అంటే సీటీఎస్, 328 అంటే యూటా, 67 అంటే ఎమినెన్స్. తర్వాతవి సంవత్సరం, వారం. 220632 అని ఉందనుకో, జెన్సెన్ వాళ్ళది, ఆరుతో ముగిసే ఏడాది, ముప్పై రెండో వారం. అది 1946 కావచ్చు, 56 కావచ్చు, 66 కావచ్చు, ఏదో తేల్చాల్సింది నువ్వే. తర్వాత్తర్వాత సంవత్సరానికి రెండంకెలు వాడారు, 1376542 అంటే సీటీఎస్, 1965లో నలభై రెండో వారం. ఒక్కటి గుర్తుంచుకో, అది స్పీకర్ పుట్టిన వారం, బాక్సుది కాదు. బాక్సు దాని తర్వాతే తయారై ఉంటుంది, లేదంటే ఎవరో మధ్యలో స్పీకర్ మార్చి ఉంటారు.

మార్చారా లేదా అనేది చెక్కే చెప్తుంది. స్పీకర్ మెల్లిగా దించి, అది కూర్చున్న అంచు మీదకి టార్చ్ పక్కనుంచి వాలుగా వెయ్యి. ఏళ్ళ తరబడి ఒకే స్పీకర్ కూర్చుంటే దాని అంచు సైజుకి సరిగ్గా ఒక వలయం లేతరంగులో పడుతుంది, బయట అంతా దుమ్ముతో ముదిరిపోయి ఉంటుంది. ఆ వలయం ఇప్పుడున్న స్పీకర్ కన్నా పెద్దగా ఉన్నా, పక్కన పూడ్చేసిన పాత స్క్రూ బెజ్జాలు కనపడ్డా, ఇది ఒరిజినల్ కాదన్నమాట. స్క్రూలూ మాట్లాడతాయి. మిల్లీమీటర్ మరలు సరిపోతే యూరప్ కావచ్చు, బీఏ అనే పాత బ్రిటిష్ మర కొలతలో ఉంటే బ్రిటన్ కావచ్చు. మల్టీమీటర్ పెట్టి ఓమ్స్, అంటే కరెంటుకి ఎంత అడ్డు ఉందో చూడు, 8 ఓమ్స్ స్పీకర్ దాదాపు 6 చూపిస్తుంది, పదకొండు పన్నెండు చూపిస్తే అది 15 లేదా 16 ఓమ్స్‌ది. బ్రిటిష్ వాళ్ళు చాలాకాలం 15 ఓమ్స్ మీదే ఉన్నారు, టానాయ్ కంపెనీ తొలి డ్యుయల్ కాన్సెంట్రిక్ స్పీకర్లు (1947లో వచ్చాయి) అలాంటివే. వెనక కనెక్టర్లో ఒకటి గుండ్రటి బెజ్జం, ఒకటి చదునుది ఉంటే అది డిన్ సాకెట్, జర్మనీ వైపు చూడు. యాభైల నాటి బాక్సు అని ఎవరైనా చెప్పి లోపల ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక కనపడితే నమ్మకు, ఎండీఎఫ్ ఫ్యాక్టరీల్లో తయారవడం మొదలైందే అరవైల మధ్యలో. పెన్సిల్ గీతలు, వడ్రంగి వేసుకున్న నంబర్లు కూడా వెతుకు, రెండు బాక్సుల్లో ఒకే వరస నంబర్లుంటే అవి ముందునుంచీ జతే అనుకోవచ్చు. ముందు గుడ్డని ఉతక్కు, ఫ్రేమ్ వెనక్కి మడిచిన అంచు చూడు, వెలుగు తగలక అసలు రంగు అక్కడే దాక్కుని ఉంటుంది.

ఇప్పుడు ఆ మిషన్ అంటే నేను ఎందుకు అంత కంగారు పడ్డానో చెప్తా.

నేను పని నేర్చుకునే రోజుల్లో నాకన్నా సీనియర్ ఒకాయన ఉండేవాడు. చెయ్యి తిరిగినవాడు, ఆయన పెట్టిన టంకం చుక్క చూస్తే ముచ్చటేసేది, నాకు సగం పని ఆయన పక్కన నిలబడి చూసి వచ్చిందే. ఒక లోపం, మురికి కనపడితే ఆగలేడు. ఒకరోజు ఒకాయన స్పీకర్ బాక్సు ఒకటి తెచ్చాడు, ఇంకోటి బంధువుల ఇంట్లో ఉంది, తర్వాత తెస్తానన్నాడు. దీని మీద పేరూ లేదు, ఏమీ లేదు. మావాడు ముందు గుడ్డ తీశాడు. కింద సన్నగా ఒక బెజ్జం, అందులో కుక్కి కుక్కి పెట్టిన గ్లాస్ ఊల్, నల్లగా దుమ్ము పట్టి ఉంది. "ఎలక గూడు పెట్టిందిరా" అని పటకారుతో లాగి పారేశాడు. ఆ తర్వాత లోపలున్న ఊల్ కూడా తీసేసి, చేతులు దురద పెడుతున్నాయని తిట్టుకుంటూ మూటకట్టి బయట పెట్టాడు. ఆ పైన మిషన్ పెట్టాడు. వెనీర్ అంటే చెక్క మీద అతికించిన పల్చటి పొర అమ్మా, ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు చాలాసార్లు. మూలల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది మిషన్, అంతే, టేకు పొర లేచిపోయి కింద పార్టికల్ బోర్డు పొట్టు కనపడింది. దానికి రంగు కలిపి పూసి పాలిష్ పెట్టాడు, దూరంనుంచి చూస్తే మెరిసిపోతోంది.

మోగించాం. కింది స్వరాలన్నీ ఒకటే గుబగుబ, ఏ పాట పెట్టినా అదే. వూఫర్, అంటే కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్, పోయిందన్నాడు. వేరే వూఫర్ పెట్టాడు, పాతది తూకానికి వెళ్ళిపోయింది. గుబగుబ తగ్గలేదు.

అప్పుడు వచ్చింది రెండో బాక్సు. ఎవరూ ముట్టుకోలేదు దాన్ని. వెనక లేబుల్ సగం మిగిలుంది, డైనాకో కంపెనీ ఏ-25 మోడల్. ముందు గుడ్డ తీస్తే అదే చోట అదే బెజ్జం, అందులో అదే ఊల్, జారకుండా నీట్‌గా బిగించి ఉంది. రెండు బాక్సుల్లో రెండు ఎలకలు ఒకే కొలతకి గూడు పెట్టవు కదా. అది డెన్మార్క్‌లో అరవైల చివర్లో తయారవడం మొదలైన డిజైన్, పది అంగుళాల వూఫర్, ఆ బెజ్జంలో ఊల్ కావాలనే పెట్టారు, గాలి ఆ ఊల్‌ని తోసుకుంటూ కష్టపడి బయటికి వెళ్ళాలి, అలా వెళ్తేనే వూఫర్ ఒక చోట విరుచుకుపడకుండా అదుపులో ఉంటుంది. ఏపీరియాడిక్ వెంట్ అంటారు. మావాడు స్పీకర్‌లో సగం పారేశాడన్నమాట. ఆ ఓనర్ అరవలేదు, గొడవ పడలేదు, "నా పాత వూఫర్ ఎక్కడుందండీ" అని మాత్రం అడిగాడు. మావాడు అప్పటికప్పుడు తూకం వాడి దగ్గరికి పరిగెత్తాడు, అక్కడ అది లేదు. తిరిగొచ్చాక ఆయన మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు, అంత మంచి పనివాడు, అంత చిన్నబోయి నిలబడటం నేను మళ్ళీ చూడలేదు.

అందుకే లోపలి ఊల్ జోలికి వెళ్ళకు. 1954లో ఏఆర్-1 అనే స్పీకర్‌తో దాని డిజైనర్ ఎడ్గార్ విల్చర్ మూసేసిన బాక్సులో గాలినే స్ప్రింగ్‌గా వాడుకోవడం మొదలుపెట్టాక లోపల ఎంత ఊల్ ఉంది అనేది డిజైన్‌లో భాగం అయిపోయింది. తియ్యక తప్పకపోతే తూచి, కవర్లో పెట్టి, మళ్ళీ అంతే పెట్టు. గ్లవ్స్ వేసుకో, మాస్క్ వేసుకో. బెజ్జం ఏదైనా కనపడితే అది ఎవరో తర్వాత కొట్టిందో, ముందునుంచీ ఉందో రెండో బాక్సుతో పోల్చు. నీ దగ్గర జత ఉంది, అది నీ అదృష్టం. ఒక్కో పని ఒక బాక్సుకే చెయ్యి, రెండోది ముట్టుకోకు, తేడా వస్తే చూసుకోవడానికి అది ఉంటుంది.

పాలిష్ సంగతి. ఏ పాలిషో తెలియకుండా ఏదీ రుద్దకు. వెనకో అడుగునో కనపడని చోట దూది చిన్న ముక్క స్పిరిట్‌లో ముంచి అద్దు, మెత్తబడి జిగురు తగిలితే లక్క పాలిష్. స్పిరిట్‌కి చలించక థిన్నర్‌కి కరిగితే లాకర్ అనే పాలిష్. రెంటికీ కదలకపోతే వార్నిషో పాలీయురేథేనో. లక్క అయితే గీకక్కర్లేదు, స్పిరిట్ తడితో పాతదే మళ్ళీ సర్దుకుంటుంది. లిన్సీడ్ ఆయిల్ వాడితే ఆ గుడ్డలు ముద్దగా ఒక మూల పడేయకు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, ఇది నిజం, భయపెట్టడానికి చెప్పట్లేదు. బయట పరిచి ఆరబెట్టు లేదా నీళ్ళల్లో ముంచెయ్యి. కిటికీ తెరిచి ఉంచు. రాత్రిపూట ఒక్కదానివే ఈ పని పెట్టుకోకు. చెక్కలో సూది బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి కనపడితే పురుగు ఇంకా ఉందని అర్థం, ఆ బాక్సుని మిగతా సామాను దగ్గర పెట్టకు.

స్పీకర్ల అంచున ఫోమ్ ముట్టుకుంటే రాలిపోతుంటే బెంగపడకు, ఫోమ్ జాతకమే అంత, పదీ ఇరవై ఏళ్ళలో పొడైపోతుంది, కొత్తది అతికించుకోవచ్చు. కోన్, అంటే మధ్యలో కదిలే గరాటులాంటి కాగితం, మాత్రం పారెయ్యద్దు. ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన) మ్యాగ్నెట్ ఉన్నదాన్ని విప్పి మ్యాగ్నెట్ బయటికి తియ్యకు, శక్తి పడిపోతుంది. స్క్రూడ్రైవర్ మ్యాగ్నెట్ దగ్గర గట్టిగా పట్టుకో, అది నీ చేతిలోంచి లాక్కుని సూటిగా కోన్‌లోకి దిగుతుంది. క్రాసోవర్‌లో, అంటే పై స్వరాలనీ కింది స్వరాలనీ విడదీసి ఏ స్పీకర్‌కి ఏది వెళ్ళాలో పంపే సర్క్యూట్‌లో, పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చక తప్పదు, పాతవి కూడా దాచు. నూనె కారే పాత కెపాసిటర్ కనపడితే ఒట్టి చేత్తో ముట్టుకోకు, డెబ్బైల చివరిదాకా వాటిలో పీసీబీ అనే విషపు నూనె వాడేవాళ్ళు. స్పీకర్‌లో ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలియాలంటే ఒకటిన్నర వోల్టు బ్యాటరీ ఒక్క క్షణం తాకించు, కోన్ ముందుకొస్తే బ్యాటరీ ప్లస్ తగిలిందే ప్లస్. పాత జేబీఎల్ కంపెనీ స్పీకర్ అయితే మాత్రం తిరగేసి ఉంటుంది, ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి వెళ్తుంది, చూసి కంగారుపడి వైర్లు మార్చెయ్యకు.

ఇంకా, ఆ బాక్సులు ఒక్కదానివే ఎత్తకు. చిన్నప్పుడు నా రేడియో వెనకాల దూరి "మావయ్యా, లోపల ఎవరున్నారు" అని అడిగినదానివి, నీకు వెన్ను నొప్పి వచ్చిందంటే నేను ఇక్కడ కూర్చోలేను. డబ్బు ఏదైనా తక్కువైతే మీ అమ్మకి చెప్పకుండా నాకు చెప్పు.

ఈ వారం ఇంకేమీ చెయ్యద్దు, ఫొటోలు మాత్రం పంపు. ఫ్లాష్ వద్దు, పక్కనుంచి వెలుగు పడాలి. స్పీకర్ వెనక అంకెలు, స్క్రూ తలలు, కనెక్టర్, లోపలి మూలల్లో చెక్క కోసిన అంచు, ముందు గుడ్డ మడత, ఇవన్నీ విడివిడిగా, ప్రతిదాని పక్కనా ఒక స్కేలు పెట్టి తియ్యి. రెండు బాక్సులకీ వేరువేరుగా, కలిపెయ్యకు.

మీ మావయ్య