ఒక్క పరికరం, నలుగురు మనుషులు

ప్రశ్న: మేం నలుగురు మిత్రులం. రెండు శీతాకాలాలుగా కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకుంటున్నాం. ఈ ఫిబ్రవరిలో గస్తీ సిబ్బంది చూసుకునే హద్దు దాటి అక్కడి అఫర్వాట్ కొండ వాలుల్లో దిగాలని ఉంది. మంచు చరియల కింద చిక్కినవారిని వెతికే ట్రాన్స్‌సీవర్ మాలో ఒకరు కొన్నారు. ఖరీదైనది కదా, నలుగురికీ ఒకటి చాలదా?
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: చాలదు. కూరుకుపోయినవారి ట్రాన్స్‌సీవర్ పంపే సంకేతాన్ని వెతికేవారి ట్రాన్స్‌సీవర్ పట్టుకోవాలి. కొన్న మిత్రుడు మంచు కింద పడితే వెతకడానికి మీ ముగ్గురి దగ్గర ఏమీ ఉండదు. మీరు పడితే అతని చేతిలో పరికరం ఉన్నా మీ నుంచి సంకేతం రాదు. ఒంటరి ట్రాన్స్‌సీవర్ తాళంచెవి లేని తాళం లాంటిది. నలుగురికీ నాలుగు ఉండాలి, వాటితో పాటు మంచులో గుచ్చి చూసే ప్రోబ్ అనే పొడవాటి మడత కడ్డీలు నాలుగు, లోహపు పారలు నాలుగు. ట్రాన్స్‌సీవర్లన్నీ 457 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాల మీదే పనిచేస్తాయి కాబట్టి కంపెనీలు వేరైనా ఫరవాలేదు. కొనలేకపోతే అక్కడి స్కీ దుకాణాల్లో అద్దెకు అడగండి. ట్రాన్స్‌సీవర్‌ను సంచిలో కాదు, ఒంటికి పట్టీతో కట్టుకోవాలి. ఫోను దానికి దూరంగా ఉంచాలి, వెతికేటప్పుడైతే కనీసం అర మీటరు.

పూర్తిగా కూరుకుపోయినవారిని మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ఆ లెక్క మూడో వంతుకు పడిపోతుంది. కింది నుంచి సహాయ బృందం వచ్చేలోపే ఆ సమయం అయిపోతుంది. కాబట్టి తవ్వేది మీరే. నేను సాధన చేసింది నిజాంపేటలో మా పక్కింటి నిర్మాణానికి పోసిన ఇసుక కుప్పలో. చెల్లెలు పరికరాన్ని పాత సంచిలో చుట్టి పూడ్చేది, నేను గడియారం చూసుకుంటూ వెతికేదాన్ని. మొదటిసారి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మేస్త్రీ నన్ను చూసి పాపం ఉంగరం పారేసుకున్నదనుకున్నాడు.

అయితే ఇవన్నీ పొరపాటు జరిగాక పనికొచ్చేవి. అసలు సంగతి వాలు. మంచు పలకలు విరిగేది ఎక్కువగా ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలులో. మన అపార్ట్‌మెంట్ మెట్ల వాలు ఇంచుమించు ముప్పై ఉంటుంది, అంతకంటే నిటారుగా కనిపిస్తే అనుమానించండి. పళ్లెంలో పంచదార పోసి, దాని మీద దిబ్బరొట్టె పెట్టి, పళ్లెం వంచి చూడండి. అడుగున వదులు మంచు, పైన గాలి పేర్చిన గట్టి పలక ఉంటే జరిగేదీ అదే. చరియల్లో చిక్కినవారిలో అత్యధికులకు ఆ పలకను కదిలించింది వాళ్లు గానీ వాళ్ల జట్టులోనివాళ్లు గానీ. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్‌లో హపత్‌ఖుడ్ దగ్గర ఇద్దరు పోలండ్ దేశస్థులు చరియలో పోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ కూడా గుల్మార్గ్‌లోనే పోయాడు.

భారీ మంచు కురిసి, ఆగి, నీలాకాశం తెరుచుకున్న తొలి ఉదయమే అందరికీ కాళ్లు నిలవవు. ఆ రోజే నేను మీకు వద్దనేది. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ ఇచ్చే హెచ్చరికలో ప్రమాదానికి అయిదు స్థాయిలు ఉంటాయి. రాత్రే చూసి, పొద్దున మళ్లీ చూడండి. స్థానిక గైడు లేకుండా హద్దు దాటకండి. వాలును ఒక్కొక్కరుగా దాటండి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలిచి చూడాలి.

ఇక నా సొంత తప్పు. పదేళ్ల కిందట కాళ్ల కింద మంచు ‘వుఫ్’ అని కుంగిన చప్పుడు విన్నాను. అడుగు పొర కూలుతోందని ఆ చప్పుడుకు అర్థం. నేనొక్కదాన్నే ఆడదాన్ని, పిరికిదనుకుంటారని నోరు విప్పలేదు. ఆ రోజు వాలు కదలలేదు, అంతే. మీ నలుగురూ మియాపూర్‌లో రైలెక్కేలోపే ఒక మాట అనుకోండి: ఎవరు వద్దన్నా, కారణం చెప్పకపోయినా, ఆ రోజు దిగడం మానేస్తాం.

ప్రశ్న: ఆరేళ్ల మనవరాలిని గుల్మార్గ్‌లో గండోలా అనే రోప్‌వే ఎక్కించి మంచు చూపించాలని ఉంది. భయమా?
- ఒక అమ్మమ్మ, మల్కాజిగిరి

జవాబు: మొదటి దశ కొంగ్‌డూరి వరకు వెళ్లండి అమ్మా, చాలు. వాతావరణం బాగాలేదని గండోలా ఆపితే టిక్కెట్టు వాళ్లతో గొడవపడవద్దు. స్లెడ్జి లాగేవాళ్లు మనుషుల్లేని లోయల్లోకి తీసుకెళ్తామంటే ఒప్పుకోవద్దు. పాప ముక్కుకు సన్‌స్క్రీన్ దట్టంగా రాయండి. నాది తోలు ఊడి, హైదరాబాద్ వచ్చాక వారం రోజులు మా బ్యాంకులో ప్రతి ఖాతాదారూ ఏమైందని అడిగారు.