వృషణాల నొప్పి: ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 26 సంవత్సరాలు, ఇంకా పెళ్లి కాలేదు. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి పని చేస్తాను. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఎడమ వృషణం బరువెక్కి లాగుతున్నట్టు ఉంటోంది, పడుకుంటే తగ్గిపోతోంది. ఇంట్లో చెప్పుకోవడానికి బిడియంగా ఉంది. స్నేహితుడు వేడి కాపడం పెట్టమంటున్నాడు. ఆసుపత్రికి వెళ్లకుండా తగ్గించుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది వేరికోసిల్, అంటే వృషణం నుంచి రక్తాన్ని పైకి తీసుకుపోయే సిరలు ఉబ్బడం కావచ్చు. ఎడమవైపు సిర పొడవుగా ఉండి మూత్రపిండపు సిరలో కలుస్తుంది కనుక ఈ ఇబ్బంది ఎక్కువగా ఆ వైపే వస్తుంది, నిలబడి పని చేసేవారికి సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. అయితే పరీక్షించకుండా ఇదేనని తేల్చి చెప్పలేను కాబట్టి, తొందర లేకపోయినా ఈ వారం పది రోజుల్లో ఒకసారి యూరాలజిస్టుకు గానీ జనరల్ సర్జన్‌కు గానీ చూపించుకోండి. సాధారణంగా చేత్తో పరీక్షించి, ఒక స్కానింగు తీస్తే విషయం తెలిసిపోతుంది. వేరికోసిల్ ఉన్నవారందరికీ ఆపరేషన్ అవసరం రాదు. పడుకున్నా ఉబ్బు తగ్గకపోతే మాత్రం కడుపుకు కూడా స్కానింగు చేయించవలసి ఉంటుంది.

ఈలోగా వృషణాలను పైకి ఎత్తి పట్టే బిగువైన లోదుస్తులు గానీ లంగోటా గానీ వాడండి, పనిలో వీలైనప్పుడల్లా కాసేపు కూర్చోండి, బరువులు ఎత్తకండి. రాత్రి వెల్లకిలా పడుకుని, మడత పెట్టిన తువ్వాలును వృషణాల కింద ఉంచుకుంటే లాగుడు తగ్గుతుంది. నొప్పి ఎక్కువైతే ఐస్ ముక్కలను గుడ్డలో చుట్టి 15 నిమిషాలకు మించకుండా పెట్టుకోవచ్చు, అవసరమైనప్పుడు పారాసిటమాల్ వేసుకోవచ్చు. వేడి కాపడం మాత్రం వద్దు, దానివల్ల వాపు పెరగవచ్చు. పసర్లు పూయడం, గట్టిగా మర్దన చేయడం కూడా మానండి.

ఇంతవరకు చెప్పినదంతా నెమ్మదిగా మొదలై నెమ్మదిగా నడిచే నొప్పికే వర్తిస్తుంది. నొప్పి ఉన్నట్టుండి తీవ్రంగా మొదలై, ఒకవైపు వృషణం పైకి లాక్కుపోయినట్టు కనిపించి, వికారమో వాంతులో తోడైతే, వృషణం మెలిపడి రక్తప్రసరణ ఆగిందని అనుమానించాలి. ఇది ఏ వయసులోనైనా రావచ్చు గానీ 12 నుంచి 18 ఏళ్ల కుర్రవాళ్లలో ఎక్కువ, తరచుగా నిద్రలోంచి లేపుతుంది. సుమారు 6 గంటలలోపు ఆపరేషన్ చేసి మెలి విప్పగలిగితే వృషణం చాలావరకు దక్కుతుంది, ఒక రోజు దాటితే దాదాపు దక్కదు. అలాంటప్పుడు మాత్ర వేసుకుని తెల్లవారే వరకు చూద్దామనుకోకుండా, ఏమీ తినకుండా, సర్జన్ ఉండే ఆసుపత్రి అత్యవసర విభాగానికి నేరుగా వెళ్లాలి. నొప్పి దానంతటదే ఆగిపోయినా వెళ్లాలి, ఎందుకంటే విడిపోయిన మెలి మళ్లీ పడవచ్చు. మీలాగే బిడియపడే పిల్లలు దీనిని కడుపునొప్పి అని చెబుతారు, కాబట్టి ఇంట్లో తమ్ముళ్లుంటే ఈ సంగతి వారికి మీరే చెప్పండి.

రెండు మూడు రోజుల్లో క్రమంగా పెరిగిన నొప్పికి జ్వరం, మూత్రంలో మంట తోడైతే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్స్‌ను డాక్టరు రాసినన్ని రోజులూ వాడాలి, మందుల షాపులో అడిగి రెండు రోజులు మింగి ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. గజ్జల్లోంచి దిగిన హెర్నియా గట్టిపడి లోపలికి పోకుండా నొప్పి పెట్టినా, దెబ్బ తగిలిన తరువాత వాపు పెరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీ గోదావరి ప్రాంతంలో బోదకాలు క్రిమి వల్ల వచ్చే వరిబీజం కొత్త కాదు, అది నొప్పి కంటే బరువుగానే ఎక్కువ తెలుస్తుంది. ఇక స్నానం చేసేటప్పుడు వృషణంలో గట్టి గడ్డ చేతికి తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. క్యాన్సర్ గడ్డ చాలామందిలో నొప్పి లేకుండానే మొదలవుతుంది.