సెల్ఫ్ కొడితే ఒక్క ‘టక్’ శబ్దం, ఆపై మౌనం: పాత పికప్‌లో ఈ లోపాన్ని పట్టుకునే పద్ధతి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీది 2007 మోడల్ డీజిల్ పికప్. ఉదయం తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఎండలో కొంతసేపు నడిపి ఆపాక మాత్రం ఒక్కోసారి ‘టక్’మని ఒక్క శబ్దం చేసి ఊరుకుంటుంది. ఆ సమయంలో హెడ్‌లైట్లు ఏమాత్రం మసకబారకుండా వెలుగుతాయి. ఇరవై నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. కొత్త బ్యాటరీ వేయించారు, సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్ బ్రష్‌లు మార్పించారు, అయినా లోపం పోలేదు. షెడ్డుకు తీసుకెళ్లినప్పుడల్లా బండి బుద్ధిగా స్టార్ట్ అయి మెకానిక్ ముందు మిమ్మల్నే అబద్ధాలకోరును చేస్తోంది.

మా పొలం సరుకును గుంటూరు మిర్చి యార్డుకు తోలే పాత డీజిల్ పికప్ కూడా అచ్చం ఇలాగే సతాయించింది. మిర్చి టిక్కీలు (బస్తాలు) దించేసి బయలుదేరబోయే వేళకు, అదీ వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతున్నప్పుడే, సెల్ఫ్ తీసుకునేది కాదు. చూసినవాళ్లలో సగం మంది బ్యాటరీ అన్నారు, మిగతా సగం సెల్ఫ్ మోటారు అన్నారు. చివరకు లోపం ఆ రెండింటిలోనూ లేదు. బండి చక్కగా స్టార్ట్ అవుతున్నప్పుడు ఎన్ని పరీక్షలు చేసినా ఇలాంటి లోపం దొరకదని, సెల్ఫ్ మొండికేసిన ఆ రెండు మూడు సెకన్లలోనే, తాళం తిప్పి పట్టుకుని ఉండగానే, కొన్ని చోట్ల వోల్టేజీ చూడాలని ఆ బండి వల్ల నాకు బాగా తెలిసివచ్చింది. ఆ అంకెలు చేతికి వచ్చేదాకా దయచేసి కొత్తగా ఏ భాగమూ కొనవద్దు.

ముందుగా శబ్దం గురించి రెండు మాటలు. ‘టకటకటక’మని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదనో, బ్యాటరీ టెర్మినళ్లు సరిగా పట్టడం లేదనో అనుమానించాలి. అసలు శబ్దమే రాకపోతే చాలావరకు తాళం నుంచి సోలనాయిడ్‌కు (సెల్ఫ్ మోటారుకు పెద్ద కరెంటును కలిపే విద్యుదయస్కాంత స్విచ్చుకు) కరెంటు చేరడం లేదని అర్థం. మీరు చెప్పినట్టు ఒకే ఒక్క ‘టక్’ వస్తే సోలనాయిడ్‌కు కొంత కరెంటు అందుతోంది, లోపలి ప్లంజరు (ముందుకు వెనక్కు కదిలే ఇనుప కడ్డీ) కదులుతోంది, కానీ మోటారుకు పెద్ద కరెంటు వెళ్లడం లేదు. హెడ్‌లైట్లు ఏమాత్రం మసకబారడం లేదన్న మీ మాట కూడా దీన్నే బలపరుస్తోంది, ఎందుకంటే డీజిల్ ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్ల కరెంటు లాగుతుంది; అంత కరెంటు నిజంగా వెళ్తుంటే లైట్లు కచ్చితంగా తగ్గుతాయి.

ఇక మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి తీగలను పరీక్షించి ‘అన్నీ బాగానే ఉన్నాయి’ అని చెప్పడంలో ఉన్న మోసం ఏమిటో చూడండి. కేబుల్‌లోనో, దాని కొసకు ఉండే లగ్గు దగ్గరో 0.01 ఓమ్ నిరోధం అదనంగా చేరిందనుకోండి. సాధారణ మల్టీమీటరు దాన్ని సున్నాగానే చూపిస్తుంది, దాని సొంత ప్రోబ్ తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. కానీ 200 ఆంపియర్లు పారేటప్పుడు ఆ 0.01 ఓమ్ దగ్గరే 2 వోల్టులు పోతాయి. లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటరు ముందు నిక్షేపంగా కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు దాని గుండా పంపే కరెంటు అతి స్వల్పం. కొస దగ్గర మూసి ఉంచిన బోరు పైపులో మధ్యన చెత్త అడ్డుపడినా పీడనం నిండుగానే ఉంటుంది. నీళ్లు వదిలినప్పుడే ధార సన్నగిల్లడం కనబడుతుంది. అందుకే తీగ ఊడదీసి కాదు, అన్నీ బిగించి ఉన్నప్పుడు, లోడు మీద (అంటే కరెంటు పారుతుండగా), వోల్టేజీయే కొలవాలి.

నేను చేసిన ఏర్పాటు ఇది. సెల్ఫ్ మోటారు మీది సోలనాయిడ్‌కు మూడు ముఖ్యమైన చోట్లు ఉంటాయి. బ్యాటరీ నుంచి లావు కేబుల్ వచ్చి బిగిసే స్టడ్డుకు 30 అని, తాళం నుంచి వచ్చే సన్న తీగ తగిలే టెర్మినల్‌కు 50 అని గుర్తులుంటాయి. మూడోది సోలనాయిడ్ నుంచి మోటారు లోపలికి వెళ్లే స్టడ్డు. నేను 50 దగ్గర, దాని తీగ ఊడదీయకుండానే, ఒక సన్న తీగ కలిపి, ఆ మొదట్లోనే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, సైలెన్సర్ పైపుకు తగలకుండా క్యాబిన్‌లోకి లాగాను. ఇంకో తీగను సెల్ఫ్ మోటారు బాడీ బోల్టుకు బిగించాను. రెండింటి కొసలనూ డ్యాష్‌బోర్డు మీద మల్టీమీటరుకు తగిలించి, 20 వోల్టుల డీసీ రేంజిలో ఉంచి, బండిని మామూలుగా పనికి తిప్పాను. లోపం వచ్చినప్పుడు బానెట్ ఎత్తి వెతుక్కునే పని లేదు. తాళం తిప్పి పట్టుకుని అంకె చదువుకోవడమే. ఇక్కడ టెస్ట్ ల్యాంప్ మీద ఆధారపడకండి. ఏడు వోల్టులకైనా బల్బు వెలుగుతూనే ఉంటుంది, చూసినవాడు ‘కరెంటు వస్తోంది’ అనేస్తాడు.

ముందు 50 దగ్గరి అంకెనే చూడమని ఎందుకంటున్నానంటే అది సమస్యను నడిమికి రెండుగా చీలుస్తుంది. సెల్ఫ్ మొండికేసినప్పుడు అక్కడ 11 వోల్టుల పైన ఉంటే తాళం, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, మీ బండిలో ఉంటే), వాటి తీగలన్నీ నిర్దోషులు; లోపం సోలనాయిడ్‌లోనో, మోటారులోనో, లావు కేబుళ్లలోనో ఉంది. అక్కడ 8 వోల్టులో 7 వోల్టులో ఉంటే, బ్యాటరీ మాత్రం 12కు పైగానే చూపిస్తుంటే, తాళం వైపు దారిలో ఎక్కడో వోల్టేజీ పోతోంది.

11 పైన వచ్చిందనుకుందాం. తర్వాత 30 స్టడ్డుకూ మోటారు బాడీకీ మధ్య చూడాలి. తాళం తిప్పగానే అది కుప్పకూలితే, అదే క్షణంలో బ్యాటరీ సీసపు పోస్టుల మీద మాత్రం 12 నిలబడి ఉంటే, పాజిటివ్ కేబులో ఎర్త్ దారో (కరెంటు ఇంజిన్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) చెడింది. 30 దగ్గర 12 నిలబడి, ‘టక్’ అన్నాక కూడా మోటారు వైపు స్టడ్డు మీద దాదాపు సున్నాయే ఉంటే సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కలవడం లేదు. ఆ కాంటాక్టులు ఏళ్ల తరబడి కాలిపోయి గుంటలు పడతాయి. లోపలి రాగి బిళ్ల తిరిగినప్పుడు ఒకసారి మంచి చోటు, ఇంకోసారి కాలిన చోటు తగులుతుంది కాబట్టే లోపం వస్తూ పోతూ ఉంటుంది. మోటారు వైపు స్టడ్డు మీద కూడా 12 ఉండి తిరగకపోతే అప్పుడే బ్రష్‌లను, ఆర్మేచర్‌ను (మోటారులో తిరిగే భాగాన్ని) అనుమానించాలి. మీకు బ్రష్‌లు మార్చినవారు సోలనాయిడ్ మూత విప్పి కాంటాక్టులు చూశారో లేదో అడగండి. చాలా షెడ్లలో ‘సెల్ఫ్ చేశాం’ అంటే బ్రష్‌లు, బుష్‌లు మార్చి గ్రీజు పూశారనే అర్థం.

మా బండిలో 50 దగ్గర చల్లగా ఉన్నప్పుడు 10కి పైన కనిపించిన అంకె, యార్డులో మధ్యాహ్నం మొండికేసినప్పుడు 8 లోపుకు పడిపోయింది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లడం తేలికే. మీటరు ఒక ప్రోబ్‌ను తాళం స్విచ్‌లోకి వచ్చే తీగ మీద, రెండోదాన్ని స్విచ్ నుంచి సెల్ఫ్‌కు పోయే తీగ మీద పెట్టి తాళం తిప్పితే, ఆ మధ్యలో పోయే వోల్టేజీ నేరుగా అంకెగా కనిపిస్తుంది. స్టీరింగ్ కింద కవరు విప్పితే స్విచ్ వెనక కనెక్టరులో ఒక్క పిన్ను చుట్టూ తెల్లని ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కొద్దిగా కరిగి ఉంది. ఆ పిన్నును పట్టుకునే ఇత్తడి క్లిప్పు వేడికి బిగువు కోల్పోయి వదులైంది. బయటకు తీసి చూస్తే నల్లటి పొర.

ఇది ఎండవేళే ఎందుకు బయటపడుతుందో చెప్తాను. సోలనాయిడ్‌లో రెండు చుట్టలుంటాయి: ప్లంజరును లాగేది ఒకటి, లాగాక పట్టి ఉంచేది ఇంకొకటి. లాగే సమయంలో ఈ రెండూ కలిసి డీజిల్ బండ్లలో 30 ఆంపియర్లకు పైగానే తీసుకోగలవు, మధ్యలో రిలే లేని బండ్లలో ఆ కరెంటంతా తాళం స్విచ్ గుండా రావాల్సిందే. కనెక్టరు దగ్గర 0.1 ఓమ్ చేరితే 30 ఆంపియర్లకు 3 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. దీనికి తోడు రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. బండి ఆపాక గాలి ఆడక బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది, సైలెన్సర్ పైపు పక్కనే ఉన్న సోలనాయిడ్ 60 డిగ్రీలు అదనంగా వేడెక్కితే చుట్ట నిరోధం దాదాపు పావువంతు పెరిగి లాగే బలం తగ్గుతుంది. కనెక్టరులో పోయే వోల్టేజీ, ఈ వేడి రెండూ కలిసినప్పుడు ప్లంజరు కదులుతుంది కానీ కాంటాక్టులను గట్టిగా నొక్కలేదు. చల్లారాక మళ్లీ సరిపోతుంది. మీరు ఇరవై నిమిషాలు ఆగితే స్టార్ట్ అవుతోందన్న లక్షణం ఈ కారణానికి బాగా నప్పుతోంది, అయితే సోలనాయిడ్ కాంటాక్టుల లోపంలో కూడా ఇలా జరగవచ్చు కాబట్టి కొలవకుండా తీర్పు చెప్పలేను.

మేము కనెక్టరు క్లిప్పును, పిన్నును మార్పించి, అదనంగా సెల్ఫ్‌కు దగ్గరగా ఒక రిలే పెట్టించాము. లావు కేబుల్ స్టడ్డు నుంచి 40 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా రిలే మీది 30 అనే పిన్నుకు, రిలే 87 పిన్ను నుంచి సోలనాయిడ్ 50కి మందమైన తీగ. తాళం నుంచి వచ్చే పాత తీగ రిలే 86కు, 85 ఎర్త్‌కు. దీంతో తాళం స్విచ్ మీద పడే భారం ఆంపియరులో చిన్న వంతుకు తగ్గిపోతుంది. కొందరు కనెక్టరును అలాగే వదిలేసి రిలే మాత్రమే పెడతారు. నాకది నచ్చదు, ఎందుకంటే కరిగిన కనెక్టరులో పక్క పిన్నుల గుండా వేరే లోడులు కూడా వెళ్తుంటాయి. రిలే మాత్రం నాసిరకం కొనకండి. దాని కాంటాక్టులు అతుక్కుపోతే తాళం వదిలాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది.

ఎర్త్ సంగతి కూడా చూడాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దాని నుంచి ఛాసిస్‌కో, బ్యాటరీ నెగటివ్‌కో ఒక జడలాంటి రాగి పట్టీ ఉంటుంది. అది తుప్పు పట్టినా, ఇంజిన్ పని చేయించినప్పుడు ఎవరైనా తిరిగి బిగించకపోయినా సెల్ఫ్ కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది. ఎక్సలేటర్ కేబుల్ వేడెక్కిందంటే అదే కారణం కావచ్చు. పరీక్ష సులువు. లోపం వచ్చినప్పుడు మందమైన జంపర్ కేబుల్‌తో బ్యాటరీ నెగటివ్‌ను నేరుగా ఇంజిన్ మీది శుభ్రమైన బోల్టుకు కలపండి; వెంటనే తిరిగితే దోషం ఎర్త్‌దే. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మోటారు బాడీకీ మధ్య 0.3 వోల్టుకు మించి, పాజిటివ్ పోస్టుకూ 30 స్టడ్డుకూ మధ్య 0.5కు మించి కనిపించకూడదు. ప్రోబ్‌ను క్లాంపు (పోస్టుకు బిగించే కేబుల్ పట్టు) మీద పెడితే క్లాంపు కింది లోపం దాక్కుంటుంది కనుక సీసపు పోస్టు మీదే పెట్టండి.

బ్యాటరీ కొత్తదే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 దగ్గర, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కు తగ్గకుండా, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే బ్యాటరీ, డైనమో రెండింటినీ పక్కన పెట్టవచ్చు. ఒకవేళ ఇంజిన్ గిరగిరా తిరిగి కూడా అందుకోకపోతే అది వేరే కథ, పంపు మీది డీజిల్ కట్‌ఆఫ్ సోలనాయిడ్ (ఇంజిన్‌కు డీజిల్ వదిలే, ఆపే వాల్వు) వైపు చూడాలి. మీ లక్షణాలు అటు పోవడం లేదు.

దారిలో ఆగిపోతే కొందరు బండి కింద దూరి స్క్రూడ్రైవర్‌తో 30ని, 50ని కలుపుతారు. ఆ కలయికలో సెల్ఫ్ చక్కగా తిరిగితే మోటారు, కాంటాక్టులు, కేబుళ్లు మంచివని తేలిపోతుంది కాబట్టి పరీక్షగా దానికి విలువ ఉంది. కానీ గేరులో ఉన్న బండి అమాంతం ముందుకు దూకుతుంది, కింద ఉన్న మనిషి అక్కడే ఉంటాడు. చేయాలనుకుంటే గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు వేసి, 30కీ 50కీ మధ్య ఫ్యూజు ఉన్న పుష్‌బటన్ తీగను ముందే బిగించుకుని, బండి పక్కన నిలబడి నొక్కండి. కేబుళ్లు విప్పే పని ఉంటే బ్యాటరీ నెగటివ్‌ను మొదట తీసి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి.

ఇంజిన్ వేడిగా ఉండి సెల్ఫ్ మొండికేసినప్పుడు 50 దగ్గర ఎంత వచ్చిందో, అదే సమయంలో బ్యాటరీ పోస్టుల మీద ఎంత ఉందో ఈ రెండు అంకెలు ఇక్కడ రాయండి; తర్వాత ఏ తీగ మీద ప్రోబ్ పెట్టాలో వాటిని చూసి చెప్తాను.