తుప్పు పట్టిన సైలెన్సర్ నట్లు విరగకుండా ఎలా తీయాలి?

20 ఏళ్ల పాత కారు, సైలెన్సర్ పైపు మేనిఫోల్డ్‌కు (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల భాగం) కలిసే చోట నట్లు తుప్పు పట్టి కదలడం లేదు, దేవరకొండలో ఇంటి దగ్గరే తీయొచ్చా అని అడిగారు. తీయొచ్చు, కానీ తొందరపడితే స్టడ్ (నట్టు ఎక్కే, తల లేని బోల్టు) విరుగుతుంది, అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది.

ముందు రోజు సాయంత్రమే, ఇంజన్ పూర్తిగా చల్లారాక, థ్రెడ్లు కనిపించేదాకా వైర్ బ్రష్‌తో గీకి డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే కొట్టండి, పడుకునే ముందు ఇంకోసారి. పొద్దున సరిగ్గా పట్టే ఆరు పలకల సాకెట్ వాడండి, పన్నెండు పలకలది అయితే అరిగిన మూలల మీద జారిపోతుంది. నట్టు ఒక్క పిసరు కదిలిందని అదే ఊపులో తిప్పేయకండి. కాస్త బిగించి, మళ్లీ వదులు చేసి, ఇంకొంచెం ఆయిల్ కొట్టి, అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉంటే థ్రెడ్లలో చిక్కిన తుప్పు పొడి బయటికొస్తుంది. హ్యాండిల్ రబ్బరులా సాగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆగండి, స్టడ్ మెలిపడుతోందని అర్థం.

ఇక వేడి చేయాల్సిందే. గ్యాస్ మంట టార్చ్‌తో స్టడ్‌ను కాదు, నట్టును చుట్టూ కాల్చాలి, అది వేడికి ఉబ్బి పట్టు వదులుతుంది. ముందే ఆయిల్ శుభ్రంగా తుడిచేయాలి, పెట్రోల్ పైపు దగ్గర్లో ఉంటే అసలు మంట పెట్టొద్దు, వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లండి.

విరిగితే మిగిలిన ముక్కకు కొత్త నట్టు వెల్డ్ చేసి ఆ వేడి మీదే తిప్పుతారు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పనులు చేసే లేత్ షాపుల్లో అడగండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి మాత్రం కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి.